కారణం చెప్పని వారంటీ: గ్రాఫిక్స్ కార్డుల సంస్థలకు బహిరంగ లేఖ

గ్రాఫిక్స్ కార్డుల తయారీ సంస్థల, భారతదేశంలో వాటి దిగుమతిదారుల, వారంటీ కేంద్రాల బాధ్యులకు,



ఒకే గేమింగ్ కంప్యూటర్‌లో గ్రాఫిక్స్ కార్డు మళ్లీ మళ్లీ పోతోందంటే దానికి కొలిచి తెలుసుకోగల కారణం ఉంటుంది. అది గోడ సాకెట్‌లో ఉండవచ్చు, కంప్యూటర్ భాగాలకు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్‌లో ఉండవచ్చు, కేబుల్‌లో, క్యాబినెట్ వేడిలో, డ్రైవర్‌లో, చివరికి కార్డులోనే ఉండవచ్చు. మహారాష్ట్రలోని నాందేడ్ నుంచి పాడైన కార్డు మీ కేంద్రాలకు వెళ్లినప్పుడు తిరిగి వస్తున్న జవాబులు మాత్రం రెండు రకాలే. "కరెంటు వల్ల కాలిపోయింది, వారంటీ వర్తించదు" అనే ఒక్క వాక్యం మొదటిది. ఏ వివరమూ లేకుండా వచ్చే మరో కార్డు రెండోది. మొదటి జవాబుతో కొన్నవారి డబ్బు పోతుంది. రెండో జవాబుతో అదే కంప్యూటర్‌లో, అదే కారణానికి, ఇంకో కార్డు పోయే రోజు దగ్గరపడుతుంది. కారణం వెతకడం తమ పని కాదన్న మీ వైఖరే ఈ రెండింటికీ మూలం. ఆ వైఖరి ఎందుకు ఒప్పుకోదగినది కాదో, కారణాన్ని ఏ వరుసలో వెతకాలో, అందులో ఏ మెట్టు ఎవరి బాధ్యతో ఈ లేఖ మీ ముందు ఉంచుతోంది.

నాందేడ్‌లో గ్రాఫిక్స్ కార్డు మీద ఆటలు ఆడే కుర్రాళ్లే దానితో చదువుకుంటున్నారు, సంపాదించుకుంటున్నారు. 1981లో మొదలైన శ్రీ గురు గోవింద్ సింగ్‌జీ ఇంజినీరింగ్ సంస్థ, 1994లో ఏర్పడిన స్వామి రామానంద తీర్థ మరాఠ్వాడా విశ్వవిద్యాలయం ఉన్న ఊరు ఇది. త్రీడీ డిజైన్, వీడియో ఎడిటింగ్, మెషీన్ లెర్నింగ్ ప్రాజెక్టులు ఇంట్లోని గేమింగ్ కార్డు మీదే నడుస్తాయి. ధర్మాబాద్, బిలోలి, దేగ్లూర్, కిన్వట్ తాలూకాల్లోని తెలుగు కుటుంబాల పిల్లలకూ ఇదే ఆధారం. సరుకు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచో, ముంబయి లామింగ్టన్ రోడ్ నుంచో, ఆన్‌లైన్‌లోనో వస్తుంది. మధ్యరకం కార్డుకు కూడా 30 వేల రూపాయలకు అటూ ఇటూ పెట్టాలి. అంత డబ్బు పోసి కొన్న వస్తువు పోతే, ఎందుకు పోయిందో తెలుసుకునే హక్కు ఆ కుటుంబానికి లేదా?

మరాఠ్వాడాలోనైనా పక్కనున్న నిజామాబాద్‌లోనైనా కాలిపోయిన బోరు మోటారు రివైండింగ్ షాపుకు వస్తే, మెకానిక్ కొత్త తీగ చుట్టే ముందు రైతును కొన్ని ప్రశ్నలు అడుగుతాడు. మూడు ఫేజులూ వస్తున్నాయా, వోల్టేజి ఎంత ఉంటోంది, స్టార్టర్‌లో రిలే పనిచేస్తోందా, బోరులో నీళ్లున్నాయా అని. కారణం దొరక్కపోతే మోటారు మళ్లీ కాలుతుందని, రైతు మళ్లీ తన గుమ్మంలోకే వచ్చి నిలదీస్తాడని అతనికి తెలుసు. ఇంజినీర్లు, ప్రయోగశాలలు, ఓసిల్లోస్కోపులు ఉన్న మీ సంస్థలు ఆ మాత్రం ప్రశ్నలైనా ఎందుకు అడగవు?

వెతుకులాటలో తొలి మెట్టు లక్షణాల నమోదు. కంప్యూటర్ ఆన్ అయినా డిస్‌ప్లే రాకపోవడం వేరు. తెర మీద రంగు చుక్కలు, గళ్లు పడటం వేరు. ఆట మధ్యలో తెర నల్లబడి ఫ్యాన్లు పూర్తి వేగంతో తిరగడం వేరు. యంత్రం మొత్తం ఒక్కసారిగా ఆగిపోవడం వేరు. చుక్కలు, గళ్లు పడితే ముందు కార్డు మెమరీని, దాని టంకాన్ని అనుమానించాలి. యంత్రమంతా ఆగిపోతే చూపు ఎస్‌ఎంపీఎస్ వైపు తిరగాలి. విండోస్‌లోని ఈవెంట్ వ్యూయర్‌లో వీటిలో కొన్నింటి నమోదు దొరుకుతుంది. కార్డు దాదాపు 2 సెకన్ల పాటు స్పందించకపోతే విండోస్ డ్రైవర్‌ను మళ్లీ మొదలుపెట్టి 4101 సంఖ్యతో నమోదు చేస్తుంది. కరెంటు తెగినట్టు యంత్రం ఆగితే కెర్నెల్-పవర్ 41 నమోదు కనిపిస్తుంది. ఈ నమోదులతో పాటు, కార్డు ఏ రోజు, ఏ ఆటలో, ఎంతసేపటికి, ఏ ఉష్ణోగ్రత దగ్గర పోయిందో చెప్పే సమాచారం కూడా ఖర్చు లేకుండా దొరుకుతుంది. మీ ఫిర్యాదు ఫారంలో సీరియల్ నంబరుకు, బిల్లుకు చోటుంది. ఈ వివరాలకు చోటు ఎక్కడ?

రెండో మెట్టు గోడ సాకెట్. భారతదేశంలో ఇంటి సరఫరా 230 వోల్టులు, 50 హెర్ట్జ్. తక్కువ వోల్టేజి కంటే ప్రమాదకరమైనది న్యూట్రల్ తెగడం. మూడు ఫేజుల లైనులో న్యూట్రల్ వదులైతే ఒక ఇంట్లో వోల్టేజి పడిపోతుంది, పక్కింట్లో 300 వోల్టులు దాటి 400 దాకా పోగలదు. మే, జూన్ నెలల్లో మరాఠ్వాడాలో కురిసే ఉరుముల వానల్లో పిడుగుపాటు పోటు కరెంటు తీగ వెంటే కాక బ్రాడ్‌బ్యాండ్ తీగ వెంట, డిష్ కేబుల్ వెంట కూడా ఇంట్లోకి వస్తుంది. ఇంట్లో కనిపించని మరో లోపం ఎర్తింగ్ లేకపోవడం. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్‌లో లైను నుంచి, న్యూట్రల్ నుంచి క్యాబినెట్‌కు చిన్న కెపాసిటర్లు ఉంటాయి. మూడో పిన్ను నిజంగా భూమికి కలవకపోతే క్యాబినెట్ సగం వోల్టేజికి, అంటే దాదాపు 115 వోల్టులకు తేలుతుంది. చెయ్యి తగిలితే జిల్లుమనడం అందుకే. అలాంటి కంప్యూటర్‌కు కేబుల్ కనెక్షన్ ఉన్న టీవీని హెచ్‌డీఎంఐ తీగతో కలిపితే, ఆ తేడా కార్డు పోర్టు మీదుగా దారి వెతుక్కుంటుంది. కార్డు మార్చినా ఎర్తింగ్ మారదు. కాబట్టి రెండో కార్డుకూ ఆ ప్రమాదం తప్పదు.

ఇక్కడ ఇంటివారి బాధ్యత ఉంది, విద్యుత్ సంస్థ బాధ్యతా ఉంది. మల్టీమీటర్‌తో లైను-న్యూట్రల్, లైను-ఎర్త్, న్యూట్రల్-ఎర్త్ మధ్య వోల్టేజి కొలిపించుకోవడం, ఎర్త్ గుంత సరిచేయించుకోవడం ఇంటివారు చేయాల్సిన పని. సరఫరా నాణ్యతకు విద్యుత్ సంస్థ జవాబుదారీ. కేంద్రం 2020 డిసెంబరులో విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలు తెచ్చింది. మహారాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ 2021 నాటి సరఫరా నిబంధనల్లో విద్యుత్ నాణ్యతను కూడా చేర్చింది. నిజంగా పోటు వోల్టేజి వల్లే కార్డు కాలి ఉంటే కొన్నవారు విద్యుత్ సంస్థను అడగగలరు. అలా అడగాలంటే చేతిలో ఆధారం ఉండాలి. కార్డులో ఏ భాగం కాలింది, ఏ దారిలో వోల్టేజి వచ్చిన గుర్తులున్నాయి, ఫొటో ఏది? మీ ఒక్క వాక్యపు తిరస్కరణ మీ దగ్గర ఒక తలుపు మూస్తుంది, ఆధారం ఇవ్వకపోవడం వల్ల రెండో తలుపూ మూస్తుంది. కరెంటే కారణమని మీకు అంత నమ్మకం ఉంటే, ఆ మాటను పరీక్షా నివేదికగా రాసివ్వడానికి అభ్యంతరం ఏమిటి?

నిజానికి గోడ కరెంటు నేరుగా కార్డుకు చేరదు. మధ్యలో ఎస్‌ఎంపీఎస్ ఉంది. రెండు కార్డులు ఒకే కంప్యూటర్‌లో పోయినప్పుడు అన్నిటికంటే ముందు అనుమానించాల్సింది దాన్నే. ఎస్‌ఎంపీఎస్‌లకు వర్తించే ఏటీఎక్స్ 2 రకం ప్రమాణం ప్రకారం 12 వోల్టుల లైను 5 శాతం లోపు, అంటే 11.4 నుంచి 12.6 వోల్టుల మధ్య ఉండాలి. దాని మీది అలజడి, అంటే రిపుల్, 120 మిల్లీవోల్టులు దాటకూడదు. మల్టీమీటర్ మొదటి దాన్ని చూపుతుంది, రెండో దాన్ని చూపలేదు. పెట్టె మీద 80 ప్లస్ ముద్ర ఉన్నంత మాత్రాన రక్షణ ఉన్నట్టు కాదు, ఆ ముద్ర విద్యుత్ వృథా ఎంత తక్కువో మాత్రమే చెబుతుంది. పైగా ఇప్పటి కార్డులు సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువ కాలంపాటు తమ సగటు వాడకానికి రెట్టింపు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ, ఒక్కసారిగా లాగుతాయి. 2020లో వచ్చిన ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3080, 3090 కార్డులతో మంచి ఎస్‌ఎంపీఎస్‌లు కూడా హఠాత్తుగా ఆగిపోయిన సందర్భాలు వచ్చాయి. 2022లో విడుదలైన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం, కొత్త 16 పిన్నుల కనెక్టర్ ఉన్న పెద్ద ఎస్‌ఎంపీఎస్‌లు తమ సామర్థ్యానికి రెట్టింపు భారాన్ని 100 మైక్రోసెకన్ల పాటు తట్టుకోవాలని నిర్దేశించింది.

ఈ మార్పు కొన్నవారు కోరినది కాదు, మీ కార్డులు తెచ్చినది. అందువల్ల ఫలానా కార్డుకు ఎన్ని వాట్లు కావాలో చెప్పి ఊరుకుంటే సరిపోదు. అది లాగే క్షణిక గరిష్ఠ భారం ఎంత, పాత ఏటీఎక్స్ 2 రకం ఎస్‌ఎంపీఎస్‌తో నడపవచ్చా లేదా, పెట్టె మీదే రాసి ఉండాలి. పరీక్ష పద్ధతి సులువే. తెలిసిన మంచి ఎస్‌ఎంపీఎస్‌ను పెట్టి చూడటం, అనుమానిత కార్డును మరో కంప్యూటర్‌లో నడిపి చూడటం, ఒకసారికి ఒక్క భాగాన్నే మార్చడం. కానీ నాందేడ్‌లోని విద్యార్థి దగ్గర రెండో ఎస్‌ఎంపీఎస్, రెండో కంప్యూటర్ ఎక్కడివి? అవి ఉన్నది మీ కేంద్రాల్లో. మీరు కార్డును మాత్రమే పంపమంటారు. కార్డును కాల్చిన ఎస్‌ఎంపీఎస్ అతని ఇంట్లోనే ఉండిపోతుంది.

తర్వాతి మెట్టు కేబుళ్లు. మదర్‌బోర్డు స్లాట్ 75 వాట్లు ఇస్తుంది, 6 పిన్నుల తీగ 75, 8 పిన్నుల తీగ 150 వాట్లు ఇస్తాయి. ఒకే తీగకు రెండు తలలున్న కేబుల్‌తో పెద్ద కార్డును నడిపితే తీగ, కనెక్టర్ వేడెక్కుతాయి. ఒక కంపెనీ మాడ్యులర్ కేబుల్‌ను ఇంకో కంపెనీ ఎస్‌ఎంపీఎస్‌కు పెట్టడం ఇంకా ప్రమాదం. ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల అమరికకు ఉమ్మడి ప్రమాణం లేదు. తీగ సరిగ్గా దిగినా 12 వోల్టులు తప్పు పిన్నుకు చేరి కార్డు అక్కడికక్కడే పోవచ్చు. ఎస్‌ఎంపీఎస్ మార్చినా పాత కేబుళ్లనే వాడుకున్నచోట కార్డులు వరసగా పోవడానికి ఇదొక కారణం.

కేబుల్ విషయంలో తప్పెప్పుడూ వాడేవారిదే అనడానికి వీల్లేదు. 2022 అక్టోబరులో ఆర్‌టీఎక్స్ 4090 వచ్చిన కొద్ది రోజులకే దాని 16 పిన్నుల కనెక్టర్లు కరిగిపోతున్నాయన్న ఫిర్యాదులు మొదలయ్యాయి. ప్రపంచవ్యాప్తంగా తన దృష్టికి వచ్చినవి దాదాపు 50 అని, కనెక్టర్ పూర్తిగా లోపలికి దిగకపోవడం ముఖ్య కారణంగా కనిపిస్తోందని ఎన్విడియా ఆ నవంబరులో చెప్పింది. కానీ 600 వాట్ల భారాన్ని ఆరు సన్నని తీగల మీద మోపి, సగం దిగినా కరెంటు ప్రవహించేలా కనెక్టర్‌ను రూపొందించింది ఎవరు? ఆ తర్వాత 2023లో ప్రమాణాన్నే సవరించి, సరిగ్గా దిగకపోతే కార్డు నడవకుండా సెన్స్ పిన్నులను పొట్టి చేసిన 12వీ-2ఎక్స్6 కనెక్టర్‌ను తెచ్చారు. రూపకల్పనలో లోటు లేకపోతే ఆ సవరణ అవసరం పడేదే కాదు. అయినా 2025 జనవరిలో వచ్చిన 575 వాట్ల ఆర్‌టీఎక్స్ 5090 తోనూ కొన్ని కనెక్టర్లు కరిగాయి.

కార్డు బరువు కూడా ఒక కారణమే. పెద్ద కార్డులు రెండు కిలోలు దాటుతున్నాయి. నిలువు క్యాబినెట్‌లో అడ్డంగా వేలాడే కార్డు ఒక చివర వంగితే స్లాట్ దగ్గర బోర్డులో సన్నని పగుళ్లు పుడతాయి. కంప్యూటర్‌ను రైల్లోనో బస్సులోనో కార్డు బిగించి ఉండగానే తీసుకెళ్తే ఆ ప్రమాదం మరింత పెరుగుతుంది. ఊతం ఇచ్చే కడ్డీ ఖరీదు కార్డు ధరతో పోలిస్తే లెక్కలోకి రాదు. ప్రతి భారీ కార్డుతో దాన్ని ఇవ్వడం, ప్రయాణానికి ముందు కార్డు విప్పాలని పెట్టె మీద తెలుగు, మరాఠీ, హిందీల్లో రాయడం మీకు భారమా?

ఆ తర్వాత చూడాల్సింది వేడి. నాందేడ్‌లో మే నెల పగలు 42 డిగ్రీలు దాటడం కొత్త కాదు. కార్డు ఫ్యాన్ చుట్టూ ఉన్న గాలితోనే చిప్‌ను చల్లబరచగలదు. 25 డిగ్రీల గదిలో 70 డిగ్రీల దగ్గర నిలిచే చిప్, అదే భారంతో, అదే ఫ్యాన్ వేగంతో, 42 డిగ్రీల గదిలో దాదాపు 87 డిగ్రీలకు చేరుతుంది. మెమరీ చిప్‌లు అంతకంటే వేడెక్కుతాయి. జీడీడీఆర్6ఎక్స్ మెమరీ 110 డిగ్రీల దగ్గర వేగం తగ్గించుకుంటుంది. ఆర్‌టీఎక్స్ 3090లో ఆ మెమరీ చిప్‌లు సగం బోర్డు వెనకవైపు, ఫ్యాన్ గాలి తగలని చోట ఉన్నాయి. దీనికి దుమ్ము తోడవుతుంది, పత్తి పండే ప్రాంతం కనుక గాలిలో నూగూ తోడవుతుంది. కొన్నాళ్లకు చిప్ మీది థర్మల్ పేస్ట్ ఎండి, పక్కలకు జరిగిపోతుంది.

వాడేవారు క్యాబినెట్‌లో గాలి వచ్చే పోయే దారులు ఉంచుకోవాలి, దుమ్ము దులపాలి, హాట్‌స్పాట్ (చిప్‌లో అన్నిటికంటే వేడిగా ఉండే చోటు) ఉష్ణోగ్రతను, మెమరీ ఉష్ణోగ్రతను చూస్తుండాలి. చిప్ సగటుకు, హాట్‌స్పాట్‌కు మధ్య తేడా రోజురోజుకూ పెరుగుతుంటే పేస్ట్ మార్చే సమయం వచ్చిందని అర్థం. అక్కడే చాలా కార్డుల స్క్రూ మీద ఒక స్టిక్కర్ ఎదురవుతుంది, అది చిరిగితే వారంటీ పోతుంది. శుభ్రం చేయకపోతే నిర్లక్ష్యం, విప్పి శుభ్రం చేస్తే నిబంధన ఉల్లంఘన. ఈ రెండింటి మధ్య కొన్నవారు ఏం చేయాలి? అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 జులైలో ఇలాంటి స్టిక్కర్ల విషయమై ఏఎస్‌రాక్, జోటాక్, గిగాబైట్ సంస్థలకు హెచ్చరిక లేఖలు పంపింది. అమెరికాలో తప్పైనది మరాఠ్వాడాలో ఒప్పు ఎలా అవుతుంది?

సాఫ్ట్‌వేర్ కూడా కార్డులను దెబ్బతీయగలదు, అనవసరంగా వాటిని దోషులుగానూ చూపగలదు. 2010 మార్చిలో ఎన్విడియా 196.75 డ్రైవర్ వల్ల కొన్ని కార్డుల ఫ్యాన్లు సరిగా తిరగక వేడెక్కాయి, ఆ డ్రైవర్‌ను వెనక్కు తీసుకోవాల్సి వచ్చింది. 2021 జులైలో న్యూ వరల్డ్ అనే ఆట పరీక్షా దశలో ఉన్నప్పుడు ఆర్‌టీఎక్స్ 3090 కార్డులు కొన్ని చనిపోయాయి. ఫ్రేముల వేగానికి హద్దు లేని మెనూ తెరల మీద అందరి చూపూ పడింది. ఆ కార్డుల్లో చాలావాటిని తయారు చేసిన ఈవీజీఏ చివరికి తన కార్డుల్లోని కొద్దింటిలో టంకం పని సరిగా జరగలేదని ఒప్పుకుని కొత్తవి ఇచ్చింది. ఇంకో ఉదాహరణ 2023, 2024 సంవత్సరాలది. ఇంటెల్ 13వ, 14వ తరం ప్రాసెసర్లున్న కంప్యూటర్లలో ఆటలు "వీడియో మెమరీ చాలలేదు" అంటూ ఆగిపోయేవి. లోపం గ్రాఫిక్స్ కార్డులో లేదు, ప్రాసెసర్‌లో ఉంది. 2024 ఆగస్టులో ఇంటెల్ ఆ ప్రాసెసర్ల వారంటీని రెండేళ్లు పొడిగించింది. అందువల్ల డ్రైవర్‌ను పూర్తిగా తీసేసి మళ్లీ వేయడం, పాత డ్రైవర్‌తో పోల్చడం, ఫ్రేములకు హద్దు పెట్టడం, ఓవర్‌క్లాక్ తీసేయడం, ప్రాసెసర్‌ను, ర్యామ్‌ను వేరుగా పరీక్షించడం కార్డును నిందించక ముందే జరగాలి. అయితే ఒక్క మాట. మామూలు ఆట మామూలు కార్డును చంపగలగకూడదు. తనను తాను కాపాడుకునే ఏర్పాటు కార్డులో ఉండాలి, ఆ ఏర్పాటు మీ బాధ్యత.

ఇవన్నీ సరిగా ఉండి కూడా కార్డు పోతే మిగిలింది కార్డే. తయారీలో లోపాలు ఉంటాయని చెప్పడానికి అనుమానాలు అక్కర్లేదు, మీ పరిశ్రమ చరిత్రే చాలు. 2008 జులైలో ఎన్విడియా ల్యాప్‌టాప్ చిప్‌ల ప్యాకేజింగ్‌లో బలహీనమైన పదార్థం వాడినట్టు వెల్లడించి, మరమ్మతులకు 15 నుంచి 20 కోట్ల డాలర్లు పక్కన పెట్టింది. వేడెక్కి చల్లబడే ప్రతి విడతకూ చిప్ కింద ఉండే సన్నని టంకం చుక్కలు అలసిపోయి చివరికి తెగేవి. 2018లో ఆర్‌టీఎక్స్ 2080 టీఐ తొలి బోర్డులు కొన్ని నాణ్యతా పరీక్షను తప్పించుకుని బయటికి వచ్చాయని అదే సంస్థ ఒప్పుకుంది. 2022 డిసెంబరులో వచ్చిన ఏఎమ్‌డీ ఆర్‌ఎక్స్ 7900 ఎక్స్‌టీఎక్స్ కార్డుల్లో కొన్నింటి కూలర్‌లోని వేపర్ చాంబర్‌లో నీరు చాలినంత లేక చిప్ హాట్‌స్పాట్ 110 డిగ్రీలకు చేరింది, 2023 జనవరిలో ఏఎమ్‌డీ ఆ లోపాన్ని అంగీకరించింది. ఇలాంటి సంగతుల్లో కొన్నైనా బయటపడింది వాడేవారు పట్టుబట్టినందువల్లే. "మీ కరెంటు బాగాలేదు" అన్న జవాబుతో వాళ్లంతా సర్దుకుపోయి ఉంటే ఇందులో ఎన్ని వెలుగులోకి వచ్చేవి?

బాధ్యత తీసుకోవడం ఎలా ఉంటుందో చెప్పే ఉదాహరణ కూడా పక్క పరిశ్రమలోనే ఉంది. ఎక్స్‌బాక్స్ 360 యంత్రాలు ఎర్ర వలయం చూపించి వరసగా ఆగిపోతున్నప్పుడు, 2007 జులైలో మైక్రోసాఫ్ట్ ఆ లోపానికి వారంటీని మూడేళ్లకు పెంచి, అందుకు 100 కోట్ల డాలర్లకు పైగా కేటాయించింది. డబ్బు పోయింది, నమ్మకం నిలిచింది.

మళ్లీ మళ్లీ పోవడానికి మరో కారణం మీ గిడ్డంగుల్లోనే ఉండవచ్చు. వారంటీ కింద వచ్చే కార్డు చాలాసార్లు కొత్తది కాదు, ఇంకెవరో తిప్పి పంపినదాన్ని బాగుచేసినది. అది ఎందుకు పోయింది, ఏ చిప్ మార్చారు, ఎన్ని గంటలు పరీక్షించారు అన్నది తీసుకునేవారికి తెలియదు. చిప్‌ను వేడిచేసి టంకం కరిగించి అతికించిన మరమ్మతు కొన్ని వారాలే నిలవవచ్చు. 2022 సెప్టెంబరు 15న ఇథీరియం అనే క్రిప్టోకరెన్సీ తన పద్ధతి మార్చుకుని కార్డులతో మైనింగ్‌ను ఆపేశాక, నెలల తరబడి రాత్రింబవళ్లు నడిచిన కార్డులు పాత సరుకు బజారులోకి వెల్లువగా వచ్చాయి. చరిత్ర తెలియని కార్డు కొనవద్దని పాత సరుకు కొనేవారికి చెప్పడం సబబే. అదే చరిత్ర తెలియని కార్డును వారంటీ పేరుతో మీరే చేతిలో పెట్టడం సబబా?

చట్టం ఈ విషయంలో మౌనంగా లేదు. 2020 జులై 20న అమల్లోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. వస్తువును కొన్నది సికింద్రాబాద్‌లోనైనా ఆన్‌లైన్‌లోనైనా, నాందేడ్ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే అడగవచ్చు. 5 లక్షల రూపాయల వరకు విలువకు ఫీజు లేదు. పరీక్షించనిదే లోపం తేలని వస్తువును ప్రయోగశాలకు పంపే అధికారం 38వ సెక్షన్ కింద కమిషన్‌కు ఉంది. 1915 నంబరులో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది. మరమ్మతు హక్కు కోసం కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న ఒక పోర్టల్ తెరిచింది. ఒక ప్రాంతానికి ఒక రకం వారంటీ నిబంధన పెట్టడం కూడా ప్రశ్నకు అతీతం కాదు. భారత్‌కే ప్రత్యేకమైన ప్రాసెసర్ వారంటీ విధానం విషయంలో ఇంటెల్ మీద దర్యాప్తుకు 2019లోనే కాంపిటిషన్ కమిషన్ ఆదేశించింది. అయినా ప్రతి విద్యార్థీ కమిషన్ మెట్లెక్కితే తప్ప కారణం చెప్పబోమనడం బాధ్యతగల సంస్థలకు తగునా?

అందువల్ల మీరు చేయాల్సిన పనులు ఇవి.

మొదటిది, వారంటీ తిరస్కరించే ప్రతిసారీ ఏ భాగం పాడైంది, ఏ పరీక్షతో తేలింది, కొలతలు ఏమిటి అన్న వివరాలతో, ఫొటోతో, సంతకంతో నివేదిక ఇవ్వాలి. ఆధారం లేని "కరెంటు వల్ల" అన్న మాటను తిరస్కరణకు కారణంగా వాడటం మానుకోవాలి.

రెండోది, ఒకే కొనుగోలుదారుడి కార్డు రెండోసారి పోయినప్పుడు దాన్ని ప్రత్యేక కేసుగా తీసుకోవాలి. ఎస్‌ఎంపీఎస్‌ను, కేబుళ్లను కార్డుతో పాటు ఉచితంగా పరీక్షించాలి. లోపం కార్డుదేనని తేలితే కొత్త కార్డు గానీ, కొన్న ధర గానీ ఇవ్వాలి.

మూడోది, బాగుచేసిన కార్డు ఇస్తుంటే ఆ సంగతి ముందే చెప్పాలి, చేసిన మరమ్మతు రాసివ్వాలి. వారంటీలో మిగిలిన కొద్ది రోజులు మాత్రమే కాక, బాగుచేసిన కార్డుకు కనీసం ఒక ఏడాది హామీ ఇవ్వాలి.

నాలుగోది, దుమ్ము దులిపినందుకు, పేస్ట్ మార్చినందుకు వారంటీ రద్దు చేయబోమని భారతదేశంలోని నిబంధనల్లో స్పష్టంగా రాయాలి. ఆ పని వల్లే నష్టం జరిగిందని రుజువైతే అంతవరకే మినహాయించుకోవాలి.

ఐదోది, ప్రతి కార్డు పెట్టె మీద గది ఉష్ణోగ్రత ఎంతవరకు ఉండవచ్చో, క్షణిక గరిష్ఠ భారం ఎంతో, ఏ తరం ఎస్‌ఎంపీఎస్ కావాలో ముద్రించాలి. ఎండ 42 డిగ్రీలుండే దేశంలో అమ్మే సరుకుకు ఆ ఎండలో చేసిన పరీక్ష ఉండాలి.

ఆరోది, జిల్లా కేంద్రాల్లో కార్డు స్వీకరించే చోటు ఉండాలి, రానుపోను కొరియర్ ఖర్చు మీరే భరించాలి. చిప్ లెవెల్ రిపేరు చేసే స్థానిక మెకానిక్‌లకు బోర్డు పటాలు, విడిభాగాలు దొరకాలి. బాగుచేయగల కార్డు చెత్తకుప్పకు చేరితే ఆ భారం గోదావరి ఒడ్డున బతికే అందరిదీ అవుతుంది.

వీటిలో ఏదీ అసాధ్యం కాదు. పరీక్షించే పరికరాలు మీ దగ్గర ఉన్నాయి, పాడైన కార్డుల రాశీ మీ దగ్గరే ఉంది, ఏ మోడల్ ఎక్కడ ఎందుకు పోతోందన్న లెక్క కూడా మీ దగ్గరే తేలాలి. ఇంటివారు తమ ఎర్తింగ్ చూసుకుంటారు, దుకాణదారు సరైన ఎస్‌ఎంపీఎస్ అమ్ముతాడు, విద్యుత్ సంస్థ తన సరఫరాకు జవాబు చెబుతుంది. కార్డు ఎందుకు పోయిందో తేల్చి చెప్పాల్సింది మాత్రం దాన్ని తయారు చేసి, ముద్ర వేసి, మూడేళ్ల హామీ రాసి అమ్మినవారే. ఈ ఆరింటిలో మీరు వేటిని ఒప్పుకుంటున్నారో, వేటిని ఒప్పుకోవడం లేదో, ఎందుకో, ప్రజలకు తెలిసేలా రాతపూర్వకంగా చెప్పాలని ఈ లేఖ కోరుతోంది.

ఇట్లు,
ఒక వినియోగదారు,
నాందేడ్